నాయన స్కాన్ రిపోర్టులు: ఫిబ్రవరి నుంచి సెప్టెంబర్ దాకా మా అనుభవం

మా నాయనకు 61 ఏళ్లు. షుగరుంది. ఉరవకొండ దగ్గర మా ఊళ్లో శనక్కాయ పెడతాడు. 2025 సంక్రాంతి అయిన కొన్నాళ్లకు మెడకు ఎడమ పక్క గడ్డ కనిపించింది. మార్చిలో అది లింఫోమా, అంటే లింఫ్ గ్రంథుల క్యాన్సరు అని తేలింది, సెప్టెంబర్ మొదట్లో ట్రీట్‌మెంట్ అయిపోయిందని చెప్పారు. మధ్యలో జరిగింది చాలా ఉంది. కానీ నేను స్కాన్ రిపోర్టుల గురించే రాస్తున్నా, ఎందుకంటే కీమో రోజుల కన్నా మమ్మల్ని ఎక్కువ కాల్చుకుతిన్నది రిపోర్టు ఫోన్లోకి వచ్చినప్పటి నుంచి డాక్టరు ముందు కూర్చునే దాకా గడిచే ఆ సమయం. చేతిలో కాగితం ఉంటుంది, ఇంగ్లీషు చదవడం వస్తుంది, అయినా అందులో ఏముందో తెలియదు. ఇంట్లో అందరూ మన మొహమే చూస్తుంటారు.

మొదటిది అనంతపురంలోనే తీసిన సీటీ స్కాన్, ఫిబ్రవరి 18న. అంతకు ముందు సూదితో గడ్డలోంచి తీసిన పరీక్షలో ఏదీ స్పష్టంగా తేలలేదు, ముక్క తీసి బయాప్సీ చేయాలి, ఈలోపు మెడ, ఛాతీ, కడుపు మూడూ, బొమ్మ తేటగా రావడానికి నరంలోకి ఎక్కించే మందు కాంట్రాస్ట్‌తో సీటీ తీయించుకు రండి అన్నారు. మూడింటికీ కలిపి 9,500 అయింది. డబ్బు కట్టి కూర్చున్నాక క్రియాటినిన్ రిపోర్టు ఏదని అడిగారు. కాంట్రాస్ట్ మందు కిడ్నీల గుండా బయటకు పోవాలి కాబట్టి అది చూడకుండా ఎక్కించరట, షుగరు పేషెంటుకైతే మరీనూ. పక్క ల్యాబులో రక్తమిచ్చి ఇంకో రెండు గంటలు కూర్చున్నాం. మీరు వెళ్లేటప్పుడు ఆ పరీక్ష ముందు రోజే చేయించుకోండి, పొద్దున్నుంచి ఏమీ తినని మనిషిని అన్నిసేపు కూర్చోబెట్టడం కష్టం. మందు ఎక్కించగానే ఒళ్లంతా వేడెక్కి, పంచెలోనే ఒంటికి పోయానేమో అనిపించిందట నాయనకు. బయటికి వచ్చాక ఎవరికీ వినపడకుండా నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. అందరికీ అట్లాగే అనిపిస్తుందని లోపలున్న టెక్నీషియన్ ముందే ఒక మాట చెప్పుంటే పాపం అంత సిగ్గుపడేవాడు కాదు.

మరుసటి రోజు సాయంత్రం రిపోర్టు వచ్చింది. రెండు పేజీలు. మెడలో 3.4 బై 2.6 సెంటీమీటర్ల గడ్డ, ఛాతీ మధ్యలో కొన్ని, కడుపులో వెన్ను ముందు పెద్ద రక్తనాళం చుట్టూ కొన్ని, ప్లీహం కాస్త పెద్దదైంది. అక్కడితో అయిపోలేదు. కుడి ఊపిరితిత్తిలో కాల్సిఫైడ్ గ్రాన్యులోమా, పిత్తాశయంలో 9 మిల్లీమీటర్ల రాయి, లివరులో కొవ్వు, వెన్నుపూసల్లో డీజెనరేటివ్ మార్పులు. అన్నీ ఒకే సైజు అక్షరాల్లో, ఒకే గొంతుతో. ప్రాణం మీదికి తెచ్చేది ఏదో, అరవై ఏళ్లు మట్టి పని చేసిన ఏ మనిషి వెన్నులోనైనా కనిపించేది ఏదో ఆ కాగితం చెప్పదు. మా అన్న ఊపిరితిత్తి లైను దగ్గర ఆగిపోయి, అక్కడికి కూడా పాకిందని వదినకు ఫోన్ చేసి చెప్పేశాడు. అది ఎప్పుడో చిన్నప్పుడు వచ్చిపోయిన ఇన్‌ఫెక్షన్ మచ్చ, సున్నం గట్టిపడి ఉంటుంది, మన దగ్గర చాలామందిలో కనిపిస్తుందని తర్వాత డాక్టరు ఒక్క వాక్యంలో తేల్చేశాడు.

ఆ రిపోర్టులోనే ఇంకో విడ్డూరం. రెండో పేజీలో గర్భాశయం, అండాశయాలు నార్మల్ అని ఉంది. మా నాయన రిపోర్టులో! నవ్వొచ్చింది, ఆ వెంటనే గుండె జారింది. అసలు ఇది మా రిపోర్టేనా, వేరే ఎవరిదైనా మన పేరు మీద వచ్చిందా? మళ్లీ సెంటరుకు పోతే, రెడీగా ఉన్న నమూనాలో టైపు చేస్తారు, ఆ లైను తీసేయడం మర్చిపోయారు అన్నారు, ఏమంత విషయం కాదన్నట్టు. నేను అంతటితో వదల్లేదు. రేడియాలజిస్టు సీడీ మళ్లీ చూసి సరిచేసిన రిపోర్టు సంతకం పెట్టి ఇచ్చేదాకా కూర్చున్నా. ఆయన మంచివాడే, సారీ చెప్పి, స్క్రీన్ మీద ఆ గడ్డలన్నీ చూపించాడు కూడా. అప్పటి నుంచి ఏ రిపోర్టు వచ్చినా ముందు చూసేది పేరు, వయసు, తేదీ, కుడి ఎడమలు. జబ్బు సంగతి ఆ తర్వాతే.

ఆయనే ఒక మాట చెప్పాడు. పైనుంచి చదవొద్దమ్మా, చివర ఇంప్రెషన్ అని ఉంటుంది, అది చదివి అప్పుడు పైకి వెళ్లు అన్నాడు. పైన రాసేదంతా కళ్లకు కనిపించిన ప్రతిదీ, ఇంప్రెషన్ అంటే వాటన్నిటినీ చూశాక ఆయనకు ఏమనిపించిందో అది. మా దాంట్లో ఇంప్రెషన్ మూడు లైన్లే: చాలా చోట్ల లింఫ్ గ్రంథులు పెరిగాయి, లింఫోమా కావచ్చు, టీబీ కావచ్చు, బయాప్సీతో సరిచూసుకోండి. నేను క్యాన్సరా కాదా అని అడిగితే, స్కాన్ గడ్డ ఎక్కడుందో, ఎంతుందో, ఎట్లా కనిపిస్తుందో చెప్తుంది, పేరు పెట్టేది బయాప్సీయే అన్నాడు. ఈ ముక్క ముందే తెలిసుంటే ఆ రాత్రి ఇంటర్నెట్‌లో వెతికే పని తప్పేది.

బయాప్సీ, ఆ తర్వాత ఏ రకమో తేల్చే ఇమ్యునో పరీక్ష, దానికి ఏడెనిమిది వేలు, పది రోజుల పైన ఎదురుచూపు. మార్చి 7న వచ్చింది: డిఫ్యూజ్ లార్జ్ బి సెల్ లింఫోమా. మా జిల్లాలో క్యాన్సరనగానే అందరి నోటా ముందు వచ్చేది బెంగళూరు కిద్వాయే. మేమూ బెంగళూరికే వెళ్లాం గానీ, మామయ్య కొడుకు పనిచేసే చోటికి దగ్గరని వేరే ఆసుపత్రికి. అక్కడ పెట్ సీటీ రాశారు.

పెట్ సీటీకి ముందు రోజు తిండి దగ్గరే పెద్ద పంచాయితీ. అన్నం, సంగటి, రొట్టె, పండ్లు, తీపి ఏవీ వద్దు, గుడ్లు, చికెన్, కూరలు తినొచ్చన్నారు. ఆ రోజు ఒంట్లోకి ఎక్కించేది చక్కెరలాంటి పదార్థమే, దానికి కొంచెం రేడియో ధార్మికత తగిలించి ఉంటుంది. జోరుగా పెరిగే కణాలు చక్కెరను ఎక్కువగా లాక్కుంటాయి, అవి ఎక్కడున్నాయో మిషను పట్టుకుంటుంది. ఒంట్లో మామూలు చక్కెర ఎక్కువుంటే దీనికి పోటీ వచ్చి బొమ్మ సరిగా రాదు. నాయనేమో "సంగటి ల్యాకుండా కూర ఒక్కటే ఎట్ల తినేదిమ్మా" అని రాత్రి ఏదో కొరికి పడుకున్నాడు. మార్చి 12 పొద్దున పరగడుపున పోతే వేలు గుచ్చి చూశారు, 238. వాళ్ల లెక్కలో 200 దాటకూడదు. అప్పటికప్పుడు ఇన్సులిన్ ఇచ్చి తీయడం కుదరదట, అది చక్కెరనంతా కండరాల్లోకి తోసేస్తుందట. రేపు రండి అన్నారు. లాడ్జికి ఇంకో 1,200. టెన్షన్‌తో కూడా షుగరు పెరుగుతుందని అక్కడి నర్సు అంది. రాత్రంతా నిద్రపోని మనిషికి పెరగదా మరి.

13న 164 ఉంది. బరువు, ఎత్తు చూసి, చేతికి సూది పెట్టి, మందు ఎక్కించి, ఒక గదిలో ఒంటరిగా గంటసేపు పడుకోబెట్టారు. మాట్లాడకూడదు, ఫోన్ చూడకూడదు, వక్క కూడా నమలకూడదు, ఏ కండరం కదిలితే అక్కడికి మందు పోతుంది. తర్వాత ఒంటికి పోయి రమ్మని, మిషనులో ఇరవై నిమిషాలు. మేం పోయిన రోజు ఆ మందు రావడమే గంటన్నర లేటు. అది సైక్లోట్రాన్ అనే పెద్ద యంత్రం‌లో తయారై వస్తుంది, నిల్వ ఉండదు, 110 నిమిషాలకు సగం పోతుంది, మళ్లీ 110 నిమిషాలకు అందులో సగం. కాబట్టి 8 గంటలకు రమ్మంటే 8కే అయిపోతుందనుకోవద్దు, తిరుగు టికెట్టు సాయంత్రానికి పెట్టుకోవద్దు. మా అన్నకు ఎనిమిది నెలల పాప ఉంది. వదిన వారం దాకా నాయన దగ్గరికి పంపకూడదేమో అని భయపడింది. ఆ ఒక్క రోజు చిన్నపిల్లలకు, కడుపుతో ఉన్నవాళ్లకు దూరంగా ఉంటే చాలు, నీళ్లు బాగా తాగమనండి అన్నారు. ఖర్చు 18,000.

ఫిల్మ్ మాత్రం అదే రోజు ఇచ్చారు. లాడ్జిలో లైటుకు ఎత్తి చూశా. మనిషి ఆకారం లేత బూడిద రంగులో ఉంది, తలంతా నల్లటి ముద్ద, గుండె నలుపు, నడుం దగ్గర రెండు నల్ల మచ్చలు, కింద పొత్తికడుపులో ఇంత నల్లటి ఉండ. నా కాళ్లు చల్లబడ్డాయి. మెదడంతా నిండిపోయిందనుకున్నా. అసలు సంగతేమంటే మెదడు ఎవరికైనా చక్కెరతోనే బతుకుతుంది, అది నల్లగానే ఉంటుంది. గుండె కూడా చాలాసార్లు అంతే. మందు బయటకు పోయే దారి కాబట్టి కిడ్నీలు, మూత్రాశయం ఇంకా నల్లగా ఉంటాయి. జబ్బువి మెడలో, ఛాతీలో ఉన్న చిన్న చిన్న మచ్చలు, వాటిని నేను సరిగా చూడనే లేదు.

14వ తేదీ తిరిగొస్తుంటే బాగేపల్లి దాటాక పీడీఎఫ్ వచ్చింది. బస్సులో నాయన కిటికీ పక్కన కూర్చున్నాడు. నేను ఫోన్ కొంచెం పక్కకు తిప్పి చదువుతున్నానని చూశాడు.

"ఏం రాసినార్మా?"

"సోమవారం డాక్టర్ చెప్తాడంట నాయనా."

"నువ్వు సదివినావు గదా. సదివింది చెప్పు."

అప్పటిదాకా ఇంట్లో క్యాన్సరన్న మాట ఆయన ముందు అనొద్దని అన్న, మామయ్య ఒట్టు పెట్టించుకున్నారు. కానీ ఆసుపత్రి బోర్డు మీద ఇంతింత అక్షరాలతో రాసుంటే ఆయనకు తెలియదా? మెడలో, ఎదలో, కడుపులో గడ్డలున్నాయంట, లివరులో లేదు, ఎముకల్లో లేదు, ఊపిరితిత్తుల్లో లేదు అని చెప్పా. కాసేపాగి, "ల్యానివి గూడా రాస్తారా?" అన్నాడు. రాస్తారు నాయనా అన్నా. "మంచిదే. అవెన్నో ఉండాయేమో చూడు" అన్నాడు. నిజంగానే లెక్కపెట్టా, ఉన్న చోట్ల కన్నా లేవని రాసిన చోట్లే ఎక్కువ. నేను ఆ లైన్ల మీదుగా చూపు జారవిడిచి పోయా, ఆయన అక్కడే పట్టుకున్నాడు.

రిపోర్టులో ప్రతి గడ్డ పక్కనా ఎస్‌యూవీ మ్యాక్స్ అని ఒక నంబరు ఉంటుంది. మాది ఎక్కువలో ఎక్కువ 21.4. మామయ్య దాన్ని నూటికి 21 అనుకుని కాస్త ఊరట పడ్డాడు. అన్న ఇంటర్నెట్‌లో వెతికి 2.5 దాటితే చాలు ప్రమాదమని ఎక్కడో చదివి ఆ రాత్రి అన్నం మానేశాడు. రెండూ తప్పే. ఎక్కించిన మందు ఒళ్లంతా సమానంగా పరుచుకుంటే ప్రతి చోటా 1 ఉంటుందనుకుంటే, ఆ గడ్డ దానికి ఎన్ని రెట్లు లాక్కుందో ఆ నంబరు. ఇన్‌ఫెక్షన్ ఉన్నా, వాపు ఉన్నా అది పెరుగుతుంది, టీబీ గడ్డలు కూడా బాగా వెలుగుతాయి (వెలుగు అంటే ఫిల్ములో నల్లగా కనిపించేదే). మిషను మారినా, ఆ రోజు షుగరు మారినా, మందు ఎక్కించాక ఎంతసేపటికి తీశారన్నది మారినా నంబరు అటూ ఇటూ అవుతుంది. ఇక సైజులు. సీటీలో 3.4 అని ఉన్న గడ్డ పెట్‌లో 3.1 అని వచ్చింది, వదిన మందు మొదలెట్టకుండానే తగ్గిందని సంబరపడింది. కొలిచిన మనిషి వేరు, మిషను వేరు, కొలిచిన కోణం వేరు. అంత చిన్న తేడాకు అర్థం లేదన్నాడు డాక్టరు.

17న ఆయన చెప్పింది: ఛాతీకీ కడుపుకీ మధ్య పొర పైనా కిందా రెండు వైపులా గ్రంథులున్నాయి కాబట్టి స్టేజ్ 3. స్టేజ్ 3 అనగానే అమ్మ కూర్చున్న చోటే ఏడ్చేసింది. ఆయన కాగితం మీద మనిషి బొమ్మ గీసి, లింఫోమాలో స్టేజీలను మిగతా క్యాన్సర్ల స్టేజీల్లా చూడకూడదు, ఇది రక్తంతో పాటు తిరిగే కణాల జబ్బు, ఈ దశలో కూడా పూర్తిగా నయం చేయాలనే ఉద్దేశంతోనే మందిస్తాం అన్నాడు. ఆ బొమ్మ కాగితం అడిగి తెచ్చుకున్నా. ఊళ్లో వచ్చిన ప్రతివాళ్లకూ అదే చూపించా.

మార్చి 24న కీమో మొదలైంది, 21 రోజులకొకటి, మొత్తం ఆరు. కీమో ఎక్కించే హాల్లో పక్క బెడ్డు దగ్గర ప్రొద్దుటూరు ఆయన ఒకరు కలిశారు, భార్యకు పేగు క్యాన్సరు. రిపోర్టుల్లో నాకు గురువు ఆయనే. వాళ్లది మా దాంట్లా లింఫ్ గ్రంథులది కాదు, అవయవంలో పుట్టే గడ్డ క్యాన్సరు కాబట్టి కొలతలతో లెక్కేస్తారట: ఎంచుకున్న గడ్డల కొలతలు కలిపితే 30 శాతం తగ్గాలి, అప్పుడు పార్షియల్ రెస్పాన్స్ అంటారు. 20 శాతం పెరిగితే, కనీసం 5 మిల్లీమీటర్లయినా పెరిగుంటే, లేదా కొత్తది కనిపిస్తే ప్రోగ్రెషన్. మధ్యలో ఉన్నదంతా స్టేబుల్. "మొదట్లో స్టేబుల్ అంటే తగ్గలేదని ఏడ్చినాం. ఇప్పుడు ఆ పదం కనపడితే మిఠాయి తెచ్చుకుంటాం" అన్నాడాయన.

మూడు కీమోల తర్వాత మే 22న మధ్యంతర పెట్. అదే సెంటరు, అదే మిషను. పాత సీడీ అడగకపోయినా ఇచ్చాం. ఈ సీడీ గురించి ఒక మాట. ఇప్పుడు చాలా ల్యాప్‌టాప్‌లకు సీడీ పెట్టే చోటే లేదు. అనంతపురంలో ఒక జిరాక్సు షాపులో పాత కంప్యూటరు ఉంటే 50 రూపాయలిచ్చి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకున్నా. డాక్టరుకు ఫిల్ముల కన్నా అదే కావాలి, పాతదీ కొత్తదీ స్క్రీన్ మీద పక్కపక్కన పెట్టుకుని చూస్తాడు.

ఈసారి ఇంప్రెషన్ మొదటి లైను బాగుంది, గడ్డలు చాలావరకు తగ్గాయని. రెండో లైను: ఎముక మూలుగలో అంతటా అప్‌టేక్, అంటే ఆ చక్కెర మందును లాక్కోవడం, పెరిగింది. మార్చిలో ఎముకల్లో లేదని నేనే బస్సులో చెప్పా, ఇప్పుడు అన్ని ఎముకల్లోనా? ఫిల్ములో వెన్నంతా, నడుమంతా ముదురుగా ఉంది. రెండు రోజులు అన్నా నేనూ మాట్లాడుకోలేదు, మాట్లాడితే బయటకు అనాల్సి వస్తుందని. డాక్టరు చూసి, కీమో మరుసటి రోజు తెల్లకణాలు పెరగడానికి పొట్ట మీద ఇంజెక్షన్ ఇచ్చాం కదా, మూలుగ ఓవర్‌టైం పని చేస్తోంది, అందుకే చక్కెర లాక్కుంటోంది అన్నాడు. జబ్బయితే అక్కడక్కడ మచ్చలుగా ఉంటుంది, ఇట్లా అంతటా ఒకేలా ఉంటే ఎక్కువగా ఇంజెక్షన్ వల్లే. రిపోర్టులో ఆ లైను చివర ఇంజెక్షన్ ప్రభావం కావచ్చు అని రాసే ఉంది, కాకపోతే పొట్టి అక్షరాల్లో, మాకు తెలియని పేరుతో. ఇట్లాంటి ఇంజెక్షన్లు ఏ తేదీన ఇచ్చారో స్కాన్ ఫారంలో రాయండి, అక్కడ అడిగినా అడగకపోయినా.

అందులోనే డోవిల్ స్కోర్ 3 అని ఉంది. 2009లో ఫ్రాన్స్‌లోని డోవిల్ అనే ఊళ్లో డాక్టర్లు కూర్చుని లింఫోమాకు పెట్టుకున్న లెక్క. గడ్డ వెలుగును రోగి సొంత ఛాతీ మధ్యలోని రక్తం వెలుగుతో, లివరు వెలుగుతో పోల్చి 1 నుంచి 5 దాకా మార్కులేస్తారు. లివరును దాటకపోతే 1 నుంచి 3 దాకా, దాటితే 4, బాగా దాటినా కొత్తవి వచ్చినా 5. ఎస్‌యూవీ నంబరు కన్నా ఇది చూడండి, మనిషిని తన ఒంటితోనే పోలుస్తుంది కాబట్టి అన్నాడు డాక్టరు.

జూలై 7న ఆఖరి కీమో. వెంటనే స్కాన్ తీయరు, మందు వల్ల వచ్చే వాపు కూడా వెలుగుతుంది కాబట్టి ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగాలి. ఆగస్టు 28 ఇచ్చారు. 27 వినాయక చవితి. అమ్మ ఉండ్రాళ్లు చేసి దేవుడికి పెట్టింది, ఆ వాసనలో నాయన ఉడికిన గుడ్లు తిన్నాడు. బెంగళూరు బస్సెక్కేటప్పుడు ఉండ్రాళ్లు డబ్బాలో పెట్టి నాకిచ్చింది, స్కాన్ అయినాక పెట్టమని. 17,500 కట్టి, అంతా అయ్యాక మధ్యాహ్నం మూడింటికి సెంటరు మెట్ల మీద కూర్చుని తిన్నాడు.

రిపోర్టు 29 శుక్రవారం రాత్రి వచ్చింది, డాక్టరు సోమవారం. డోవిల్ 2. ఈసారి నేనే ఇంట్లో అందరికీ చదివి వినిపించా. కానీ కడుపులో 2.1 సెంటీమీటర్ల గడ్డ మిగిలుంది అని కూడా ఉంది, వదిన అక్కడే ఆగింది. మిగిలిందంటే ఆపరేషనా, మళ్లీ కీమోనా? వెలుగు లేదని రాశారు కదా అంటాను నేను, గడ్డయితే ఉంది కదా అంటుంది అమ్మ. శని, ఆదివారాలు ఆ ఒక్క లైను మీదే. సెప్టెంబర్ 1న డాక్టరు మా ముందే మూడు పెట్‌లూ పక్కపక్కన తెరిచాడు. మార్చిలో నల్లగా ఉన్న చోట ఆగస్టులో ఆకారం ఉంది, నలుపు లేదు. చచ్చిన కణాల మచ్చ, కొందరిలో అట్లాగే ఉండిపోతుంది, ఏమీ చేయక్కర్లేదు, కంప్లీట్ రెస్పాన్స్, అంటే జబ్బు ఆనవాలు లేదు, అని రాశాడు. నాయన స్క్రీన్ దగ్గరికి వంగి, తల చూపించి "ఇది నల్లగనే ఉండాదే?" అన్నాడు. డాక్టరు నవ్వాడు. నేను చెప్పా అది మెదడని.

ఇక ప్రతి మూడు నెలలకూ స్కానేనా అని అడిగితే వద్దన్నాడు. మూడు నెలలకొకసారి వచ్చి చూపించుకోవాలి, రక్త పరీక్షలు చేయించుకోవాలి. జ్వరం, రాత్రుళ్లు చెమటలు, బరువు తగ్గడం, గడ్డ, వీటిలో ఏదైనా కనిపిస్తేనే స్కాన్. ఊరికే తీస్తే ఏదో ఒక చిన్న మచ్చ కనిపించడం, దాని వెంట పరిగెత్తడం తప్ప లాభం లేదన్నాడు. డిసెంబర్ మొదటి వారంలో రమ్మన్నాడు. ఈలోపు పిత్తాశయంలో ఆ 9 మిల్లీమీటర్ల రాయి సంగతి అనంతపురంలో సర్జన్‌కు చూపించాలి, నాలుగు రిపోర్టుల్లోనూ వచ్చింది, ఇన్నాళ్లూ దాన్ని ఎవరమూ పట్టించుకోలేదు. నాయన మాత్రం శనక్కాయ పీకడం అయ్యేదాకా ఏ డాక్టరు దగ్గరికీ రానంటున్నాడు.